నోరు తెరవని రొయ్యలు

వెర్నీటా స్ప్రేగ్ చేపల గదిలో అడుగుపెడితే నాలుగువేల చేపలూ ఒక్కసారిగా అద్దం దగ్గరికి పరుగెత్తుకొచ్చేవి. నాలుగువేలు ఎక్కువనిపిస్తే మూడువేల తొమ్మిదివందలనుకోండి; మిగతా వందా మర్యాద తెలియనివి. అమెరికాలోని ఆరెగన్‌లో, విల్లమెట్ నది ఒడ్డున ఉన్న ఆ ప్రయోగశాల కింది అంతస్తు ఇరవై రెండేళ్లుగా ఆమె రాజ్యం.

ఆ అక్టోబరు వానల్లో పదిహేడో తొట్టిలోని చేపలు చిక్కిపోసాగాయి. అవి చారల చేపల్లోనే ఒంటి మీద ఒక్క చారైనా లేని వంశానివి. లోకం మొత్తానికీ పంతొమ్మిదే మిగిలాయి. పదకొండేళ్ల కింద ఒక్క జంట నుంచి ఆ వంశాన్ని పెంచింది వెర్నీటాయే.

పశువైద్యుడు క్విన్‌బీ ఒకదాన్ని కోసి చూశాడు. పేగు నిండా దారప్పోగుల్లాంటి నులిపురుగులు!

"నియమం నీకు తెలుసు వెర్నీటా. పక్క తొట్లకు పాకకముందే వీటిని చంపెయ్యాలి."

"నీ నియమం మొహం మండ! మందు లేదా?"

"ఉంది. అవి తినాలిగా."

"నేను పెడితే గులకరాళ్లయినా తింటాయి!"

"అయితే రెండు వారాలు. ఆపైన నన్ను తిట్టకు," అంటూ గడువు రాసిన ఎర్ర చీటీ తొట్టికి అంటించాడు.

మేతపొడిలో మందు కలిపి వేసింది. చేపలు నోట్లో పెట్టుకున్నట్టే పెట్టుకుని తుపుక్కున ఉమ్మేశాయి. వెర్నీటా తల గోక్కుంది. అంతలో మెరుపులాంటి ఆలోచన! ఆవగింజలో పదో వంతుండే ఉప్పునీటి రొయ్యపిల్లలంటే వీటికి ప్రాణం. మందును రొయ్యలు మింగితే, రొయ్యలను చేపలు మింగవూ? తెల్లటి మందు కలిపిన నీళ్లలో అప్పుడే గుడ్డులోంచి వచ్చిన రొయ్యలను వదిలి, కడిగి, వేసింది. చేపలు ఎగబడి తిన్నాయి. అయినా నాలుగు రోజుల తర్వాత కూడా చేపల మలంలో పురుగుల గుడ్లే!

అయిదో రోజు ఒక రొయ్యనే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి గావుకేక పెట్టింది.

"క్విన్‌బీ! దీని కడుపు ఖాళీ!"

"గుడ్డులోంచి వచ్చిన రోజున రొయ్యకు నోరు తెరుచుకోదు కదా. ఒక రోజు ఆగితే గానీ తినదు."

"ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా!"

"నీ గదిలో నిన్నటి రొయ్యలా? ఎవరైనా ఆ మాటెత్తితే మెడ పట్టి గెంటుతావు కదా తల్లీ!"

నిజమే. అప్పుడే గుడ్డులోంచి వచ్చినవి తప్ప మరొకటి చేపకు పెట్టకపోవడం ఆమె గొప్ప. ఇద్దరు పనివాళ్లను ఆ తప్పుకే తరిమేసింది కూడా. ఆ గొప్పను మింగి, రొయ్యలను ఒక రోజు ఆపి, ఆ తర్వాతే మందునీళ్లలో వదిలింది. ఈసారి ఒక్కొక్క రొయ్య పొట్టలో తెల్లటి గీత! చేపలనూ ఎర్ర చీటీనీ కొత్త తొట్టికి మార్చి, గడువు ముగిసేదాకా వాటినే పెట్టింది.

పద్నాలుగో రోజు పరీక్షకు ఒక చేపను ఇవ్వాలి. అన్నిటికన్నా బక్కదాన్ని తానే ఎంచి, మొహం తిప్పుకుని అందించింది. క్విన్‌బీ వంగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"నోరు విప్పవేం? నువ్వూ ఇవాళే గుడ్డులోంచి వచ్చావా?"

"నువ్వే చూడు."

పేగు నున్నగా, శుభ్రంగా ఉంది. ఒక్క పురుగూ లేదు!

వెర్నీటా వేసిన కేకకు నది మీద బాతులన్నీ లేచిపోయాయని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. క్విన్‌బీ తొట్టికి అంటించిన ఎర్ర చీటీ పీకి చింపేశాడు. మిగిలిన పదిహేడూ తోకలాడిస్తూ మేతకోసం అద్దాన్ని పొడుస్తున్నాయి.

మర్నాడు గది గోడ మీద ఆమె చేతిరాతతో కొత్త కాగితం వెలిసింది: "మందు పెట్టేటప్పుడు రొయ్యలను ఒక రోజు ఆపాలి. ఇది చదివి నవ్వినవాళ్లు తొట్లు కడగాలి."