తీర్పుకి ముందే అచ్చయిన తీర్పు

మొన్న యానాం బజార్లో ఫ్లెక్సీలు వేసే కొట్టు ముందు ఆగిపోయాను. ఓట్ల లెక్కింపు ఇంకా మొదలే కాలేదు, లోపల మాత్రం ఒకాయన గెలుపు బ్యానరు ఆరుతోంది. "ఓడిపోతే ఏం చేస్తావయ్యా?" అన్నాను. "గెలిచినాయన మొహం అతికిత్తామండి. దండ ఎవరికైనా ఒకటే గదండీ" అన్నాడు కొట్టతను. నవ్వొచ్చింది గానీ ఆ తర్వాత కాలు ఓచోట నిలవలేదు. ఎందుకంటే ఈ తొందర మా ఇంటి సొత్తు.

మా నాయనమ్మకి తాతగారు ఫ్రెంచివాళ్ళ కాలంలో ఇక్కడి కోర్టులో ప్లీడరు. పగలు ప్లీడరు, పొద్దు వాలితే పత్రికాధిపతి. వసారాలో చేతి ప్రెస్సు, వారానికి ఒక్క కాగితం. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చి పేజీ నింపేసరికి వార్తకి గడ్డాలొచ్చేవి. ఆయన అన్నం మధ్యలో లేచి ప్రెస్సు దగ్గరకి పరిగెత్తేవారట, ఎంగిలి చేత్తో అక్షరాలు ముట్టుకుంటున్నారని ఇల్లాలు గోల. ఇదంతా చెప్పేటప్పుడు నాయనమ్మా కూర్చునేది కాదు, పప్పుగుత్తి పట్టుకుని వంటింట్లోనే నడిచి చూపించేది. నేను బడి త్వరగా మానేసిందీ ఈ తొందర వల్లే, మాష్టారు ప్రశ్న ముగించేలోగా జవాబు చెప్పేసేవాణ్ణి. అదీ తప్పు జవాబు.

పత్రిక మంగళవారం సంతకి అందాలి. అందుకని ఆయన వాదనలు విని, తీర్పు ఊహించి ముందే పేర్చేవారు. చాలాసార్లు సరిపోయేది కూడా.

ఆ ఏడు వరదకి ఒక జాలరి పడవ కొట్టుకుపోయి అగ్రహారం షావుకారు రేవులో ఆగింది. "నా రేవులో ఉన్నది నాది" అన్నాడు షావుకారు. జాలరి తరఫు ప్లీడరు ఈ తాతగారే. పడవ జాలరిదేనని నిన్న తీర్పయినట్టు మంగళవారం తెల్లారేసరికి అచ్చేసి పంపేశారు. కోర్టుకి తను వెళ్ళక అంతా ప్లీడరుకే వదిలేసిన షావుకారు అది చదివి, ఖర్చులు కూడా మీద పడతాయని హడిలి, నలుగురి ఎదుటా పడవని తనే నెట్టించి ఇచ్చేశాడు. జాలరి అందులో వల వేసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం కోర్టులో జడ్జీ దొర అసలు తీర్పు చెప్పాడు. పడవ షావుకారుదట.

తన చేత్తో ఇచ్చింది మళ్ళీ అడగాలంటే షావుకారుకి మొహం చెల్లదు. పత్రికే తప్పు ఒప్పుకోవాలి, అప్పుడు పడవ తెచ్చుకుంటానన్నాడు. దొర కూడా అదే అన్నాడు: వచ్చే సంచికలో తప్పొప్పుకో, లేదా ప్లీడరు సన్నదు వదులుకో. సన్నదు పోతే కోర్టు మెట్లెక్కే హక్కే లేదు.

"ఒక్క ముక్క ఏసేత్తే పోయిందేవుందండీ?" అందట ఇల్లాలు.

"జాలరి పడవ పోద్దే."

"మరి మనవో?"

ఆయన వసారా ఈ కొసనించి ఆ కొసకి తిరిగి తిరిగి, సంత రోజుకి పత్రిక తెచ్చారు. అందులో ఇలా ఉంది: "గత సంచికలో మేము వేసిన తీర్పు న్యాయమైనదే. కోర్టువారు ఇచ్చినది వేరు."

సన్నదు పోయింది. పడవ మిగిలింది. తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ ఉత్త పత్రికాధిపతే.

దొర ఏ మాటలతో తీర్పిచ్చాడో ఇప్పుడు ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆ తాతగారి అబద్ధం మాత్రం నా దాకా నడిచొచ్చింది. అసలు తీర్పు వినేదాకా ఆగే ఓపిక కాలానికీ లేదనుకుంటాను.