ఆరుసార్లు బయటికెల్లిన మనిషి

"పొద్దున్నించి ఆరుసార్లు బయటికెల్లాను తల్లీ" అని మూలిగాను.

వైద్య విద్యార్థిని నన్ను మెచ్చుకోలుగా చూసింది. "మంచిదే తాతగారూ, ఈ వయసులో అంత నడక ఎవరు నడుస్తున్నారు!" అని కాగితం మీద రాసుకుంది. వెనక బెంచీలో కూర్చున్న విభాగాధిపతి మేడం దగ్గు నటించారు. మా బావ మొహం పాలిపోయింది.

నిజానికి నాకు ఏ జబ్బూ లేదు. మా చెల్లెలి భర్త విశాఖలో ఒక మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. పిల్లలు ఎలా నేర్చుకుంటారన్న పిచ్చి ఈమధ్య అతనికి పట్టింది. స్లైడ్లు చదివి వినిపిస్తే వారంలో మరిచిపోతారట. ముందు తడబడనివ్వాలి, జవాబు వాళ్ళ నోటినుంచే రావాలి, వారం ఆగి మళ్ళీ అడగాలి. మేడం ఒక్క మంగళవారం క్లాసు ఇచ్చి, "నేనొచ్చి చూస్తాను. నచ్చకపోతే మళ్ళీ స్లైడ్లే" అన్నారు. ఆ క్లాసుకి ఉత్తుత్తి రోగిగా నన్ను యారాడ చేపల వ్యాపారిని చేశాడు.

బావ రాసిచ్చిన కాగితంలో "ఉదయం నుండి ఆరు పర్యాయములు విరేచనములైనవి" అని ఉంది. పేపరాఫీసు డెస్కులో ముప్పై ఏళ్ళు ఇతరుల వాక్యాలు దిద్దిన చేయి ఊరుకుంటుందా? యారాడ మనిషి అనేలా దిద్దేశాను. బావకి చెప్పలేదు.

ఇప్పుడు అతను నోరు విప్పడానికి లేదు. పిల్లలు తడబడితే మాస్టారు అందించకూడదన్నది అతని నియమమే. గోడ గడియారం చూస్తూ నించున్నాడు. ఆ అమ్మాయి అపార్టుమెంటులో పెరిగిన పిల్ల. బయటికంటే ఆమెకి బీచి రోడ్డే.

"ఎంత దూరం వెళ్తారు?"

"దూరమేటి తల్లీ, ఆగితే కదా! సెంబట్టుకుని పరిగెట్టడమే."

చెంబు దగ్గర ఆమె పెన్ను ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. రాసింది కొట్టేసి, "నీళ్ళలా అవుతోందా? రక్తం పడిందా? ఒంటికి సరిగా వెళ్తున్నారా?" అని వరసగా అడిగింది. క్లాసంతా గొల్లున నవ్వింది.

కారిడార్లో బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "నా కొంప ముంచీసేవు బావా! నాను రాసిందేటి, నువ్వు సెప్పిందేటి?"

"నీ పేషెంటు గ్రాంథికం మాటాడతన్నాడు బావా. ముందు దానికి మందెయ్యాల."

వారం తర్వాత మేడం అదే బ్యాచిని వార్డుకి తీసుకెళ్ళారు. భీమిలి నుంచి వచ్చిన ముసలామె "బయటికెల్లి నాలుగ్రోజులయింది బావూ" అంది. ఇల్లు కదలనివ్వనిది మోకాళ్ళ నొప్పులా అని ఒక్కరూ అడగలేదు. అందరూ మలబద్ధకం గురించే అడిగారు.

బావ ఛాతీ విరుచుకున్నాడు. మేడం నవ్వి, "బాగుంది. వీళ్ళకి గుర్తుండిపోయింది మీ పద్ధతి వల్లా, మీ బావగారి చెంబు వల్లా?" అన్నారు.

కొత్త టైంటేబుల్లో మంగళవారం గడిలో బావ పేరు పెన్సిల్‌తో రాసి ఉంది. పక్కన ప్రశ్నార్థకం కూడా ఉంది.