తొట్టెలో కలుపు తీసిన తెరేసమ్మ

తెరేసమ్మ సూది వేస్తే పిల్లలు ఏడ్చేది సూది బయటికి తీశాకే. ముప్పై నాలుగేళ్ళు విజయవాడలో పిల్లల వార్డు నర్సుగా చేసిన మనిషి. బిడ్డ చెయ్యి పట్టుకుని, "పొద్దున ఏం తిన్నావురా?" అని అడిగేది. వాడు గుర్తు తెచ్చుకునేలోపు పని అయిపోయేది. రిటైరై ఆరేళ్ళు దాటినా, గుణదల చర్చి దగ్గర మీసాలొచ్చిన మగాళ్ళు ఆమెను చూసి ఇప్పటికీ భుజం తడుముకుంటారు.

అలాంటి మనిషి ఆ వేసవిలో నెలన్నర పాటు సొంత ఇంట్లో దొంగలా తిరిగింది. కారణం, హాల్లో ఉన్న నాలుగడుగుల ఉప్పునీటి తొట్టె.

తొట్టె భర్త సొలొమోనుది. కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో బాయిలర్లకు వెళ్ళే నీటిని పరీక్షించే ల్యాబులో ఆయన ఉద్యోగమంతా గడిచింది. రిటైరయ్యాక రెండు నెలలు పేపరు చదివాడు. ఇంట్లో తాగే నీళ్ళు పరీక్షించాడు. పై వాటావాళ్ళ నీళ్ళు కూడా, వాళ్ళు అడక్కపోయినా, పరీక్షించి చీటీ రాసిచ్చాడు. చివరికి, "ఇంట్లో సముద్రం పెడతాను తెరేసా" అన్నాడు.

పెట్టాడు. ఒక జత నారింజరంగు చారల చేపలు, రాళ్ళు, రాళ్ళ మీద చట్టం ఒప్పుకున్న మెత్తరకం పగడాలు. వాటిలో తోలు పగడం అనేది ఒకటుంది. దుకాణంలో బొటనవేలంత ముక్కగా కొన్నది ఏడేళ్ళలో పెసరట్టంత అయింది. పొద్దున లైటు వెయ్యగానే ఒళ్ళంతా సన్నటి వేళ్ళు విప్పుకుని నీళ్ళలో ఊగేది. సొలొమోను కాఫీ గ్లాసుతో దాని ముందు కూర్చుంటే, ఆ కాసేపు ఆయన్ని పిలిచినా పలికేవాడు కాదు.

ఫిబ్రవరి చివర్లో కొత్తగా తెచ్చిన రాయిని పట్టుకుని పిలవని చుట్టాలు దిగాయి. గాజుతో చేసినట్టున్న గోధుమరంగు కాడ, కొసన చుట్టూ వెంట్రుకల్లాంటి చేతులు. చూడ్డానికి పువ్వులే కానీ అవి జంతువులు. పేరు ఐప్టేసియా. పక్కన ఏది తగిలినా కుట్టి, ఆ చోటు కాజేస్తాయి. సొలొమోను భూతద్దం పెట్టి లెక్కపెట్టాడు. పన్నెండు.

"వీటి సంగతి పూర్తిగా చదివాకే ముట్టుకోవాలి" అని, మర్నాడు పెన్షనర్ల మీటింగుకి వెళ్ళాడు.

అప్పుడే పై వాటా మాణిక్యమ్మ పెరుగు తోడు కోసం కిందికి దిగింది. ఆమెది ఉయ్యూరు దగ్గర చెరుకు రైతుల ఇల్లు. తెరేసమ్మ పుట్టిల్లూ ఆ దాపులే. ఇద్దరూ చిన్నతనంలో కలుపు తీసినవాళ్ళే, ఆమె సొంత చేలో, ఈమె కూలికి.

"ఇదేంటి వదినా, తొట్టెలో తుంగ మొలిచింది?"

"మీ అన్నయ్యగారు దాని గురించి చదువుతున్నారు."

"కలుపు తియ్యడానికి చదువేంటి? ఆయన పేజీ తిప్పేలోపు చేనంతా పాకుద్ది. పీకి అవతల పారేస్తే పోలా?"

తెరేసమ్మ చేతులు అప్పటికే దురద పెడుతున్నాయి. స్టీలు డబ్బాలోంచి పాత ఫోర్సెప్స్ తీసింది, గ్లవ్స్ తొడుక్కుంది. అరగంటలో ఇద్దరూ కలిసి తొట్టె శుభ్రం చేసేశారు. కొన్ని కాడతో సహా వచ్చాయి, కొన్ని మధ్యకి తెగాయి, రానివాటిని గరిటె అంచుతో గీకేశారు. తర్వాత నడుములు పట్టుకుని టీ తాగారు.

సాయంత్రం వచ్చిన సొలొమోను తొట్టెలోకి చూసి మురిసిపోయాడు. "చూశావా? లైటు రెండు గంటలు తగ్గించాను. తట్టుకోలేకపోయినయ్!" అని నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఆ మొహం చూశాక నిజం చెప్పబుద్ధి కాలేదు తెరేసమ్మకి. రేపు చెబుదాంలే అనుకుంది.

మూడు వారాలకి నలభై అయ్యాయి. ఆరు వారాలకి నూట పాతిక. రాళ్ళ మీద, పైపు మీద, అద్దం మీద, తోలు పగడం మొదలు చుట్టూ. అవి కుట్టిన చోటల్లా పగడం ముడుచుకుంది. తర్వాత పూర్తిగా మూసుకుని, నానబెట్టిన తోలుముక్కలా ఉండిపోయింది.

సొలొమోను పొద్దునా సాయంత్రం నీళ్ళు పరీక్షించాడు. ఉప్పు మార్చాడు, ఫిల్టరు మార్చాడు. ఒకరోజు పరీక్ష గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి, "తెరేసా, ఇది ఆకుపచ్చా, నీలమా? నువ్వు చెప్పు" అన్నాడు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో రంగు గురించి ఆయన ఇంకొకరిని అడగడం అదే మొదలు. 

మంగళవారం బెన్నీని పిలిపించాడు. నలభై ఐదేళ్ళ బెన్నీది చేపల తొట్టెల దుకాణం. ఊళ్ళో ఉప్పునీటి తొట్టెలన్నిటికీ వైద్యుడు అతనే. తొట్టె చుట్టూ తిరిగి తలూపాడు.

"ఎవరన్నా వీటిని పీకారా సార్? పీకితే ఇంతే. పాదం ముక్క గోరంత మిగిలినా మళ్ళీ మొత్తం తయారవుద్ది."

"ఈ ఇంట్లో తొట్టెలో చెయ్యి పెట్టేది నేనొక్కణ్ణే" అన్నాడు సొలొమోను.

కాఫీ ట్రే పట్టుకున్న తెరేసమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

సున్నం ముద్దగా కలిపి సిరంజితో ఒక్కోదాని నోట్లో పెట్టాలని బెన్నీ చెప్పి వెళ్ళాడు. సొలొమోను రెండు రోజులు ప్రయత్నించాడు. సిరంజి దగ్గరికి రాగానే అవి చటుక్కున ముడుచుకుని రాతి సందుల్లో దాక్కున్నాయి. గురువారం బెన్నీకి ఫోను చేశాడు.

"ఆదివారం డ్రమ్ములు తెచ్చుకుని, చేపల్నీ తొట్టెనీ పట్టుకుపో. నాకు నీళ్ళు అర్థం కావడం మానేశాయయ్యా. కళ్ళో, బుర్రో, ఏదో పోయింది."

శుక్రవారం పొద్దున అద్దం తుడుస్తున్న ఆయన వెనక నిలబడింది తెరేసమ్మ.

"ఏవండీ, ఆ పువ్వుల్ని పీకింది నేనే."

"ఏ పువ్వుల్ని?"

"మీరు మీటింగుకెళ్ళిన రోజు. నేనూ, మాణిక్యమ్మ వదినా. ఫోర్సెప్స్‌తో. కొన్ని తెగినయ్. కొన్ని గరిటెతో గీకాం."

"గరిటెతోనా?"

"పులుసు గరిటె కాదు. చిన్నది."

సొలొమోను గుడ్డ పక్కన పెట్టాడు. కళ్ళజోడు వెతుక్కుని, నోటు పుస్తకం తీసి పేజీలు వెనక్కి తిప్పాడు. "ఏ తారీఖు?"

"మార్చి ఒకటి."

ఆ తేదీ మీద వేలుంచి, కింద వరసగా ఆరు వారాల అంకెలు చదువుకుంటూ పోయాడు. తెరేసమ్మ తిట్లకి సిద్ధపడి నిలబడింది.

"అంటే నా నీళ్ళలో తప్పులేదు" అన్నాడు చివరికి.

"లేదు."

"నా కళ్ళలో కూడా లేదు."

"మీ కళ్ళకేంటి? దోమని చూసి ఆడో మగో చెబుతారు."

నెలన్నర తర్వాత ఆ ఇంట్లో సొలొమోను నవ్వాడు. కోపం మధ్యాహ్నం భోజనాల దగ్గర వచ్చింది. "అసలు గరిటేంటే!" అని కంచం ముందు రెండుసార్లు అరిచాడు. తెరేసమ్మ ఇంకాస్త ముద్దపప్పు వడ్డించింది.

"ఆ సిరంజి ఇలా ఇవ్వండి, రేపు నేను చూస్తా" అంది. "మాణిక్యమ్మ తమలపాకుల డబ్బాలో సున్నం కూడా ఉంది."

"కిళ్ళీ సున్నమా! అందులో ఏం కలుస్తుందో ఎవడికి తెలుసు? ల్యాబు సరుకు నా దగ్గరుంది."

శనివారం ఆయన సున్నం పొడి తూచి, శుద్ధిచేసిన నీళ్ళతో పెరుగులా కలిపాడు. మోటార్లు ఆపాడు. తెరేసమ్మ స్టూలెక్కి, పది నిమిషాలు ఊరికే చూస్తూ కూర్చుంది.

"పైనుంచి చెయ్యి పెడితే నీడ పడుతోందండీ. నీడకే జడుస్తున్నయ్. ముందు వీటికి తినడానికేమన్నా పెట్టండి."

రొయ్య ముక్క నానిన నీళ్ళు నాలుగు చుక్కలు వేశాడు సొలొమోను. పువ్వులన్నీ ఆశగా విప్పుకున్నాయి. తెరేసమ్మ సిరంజిని పక్కనుంచి, నీళ్ళు కదలకుండా తెచ్చి, నోటి మీద సున్నం చిన్న చుక్కగా వదిలింది. పువ్వు దాన్ని తిండనుకుని మింగింది, ముడుచుకుంది, తెల్లబడి కుంగిపోయింది.

"ఒకటి" అన్నాడు సొలొమోను, గొంతు తగ్గించి.

ఎనిమిదింటితో ఆపించాడు. ఎక్కువైతే సున్నం ఘాటుకి చేపలు ఉక్కిరిబిక్కిరవుతాయి. పరీక్ష గొట్టం కిటికీ వైపు ఎత్తి, "ఆకుపచ్చే" అని తనకి తనే చెప్పుకున్నాడు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక బెన్నీ నాలుగు ఖాళీ డ్రమ్ములతో వచ్చాడు. తెరేసమ్మ స్టూలు మీద ఉంది, సొలొమోను పుస్తకంలో గీతలు పెడుతున్నాడు.

"సిస్టర్ గారూ, ఎన్నయినయ్?" అన్నాడు బెన్నీ, ఆశ్చర్యపోయి చూస్తూ.

"నిన్నటివి కలిపి పదమూడు."

"నాకు పదింట్లో ఆరు తప్పిపోతాయండీ!"

"నువ్వు గుచ్చుతావ్ కాబట్టి. గుచ్చకూడదు, తినిపించాలి."

"ఈ లెక్కన ఎప్పటికి పూర్తవుద్ది?"

"రోజుకి ఎనిమిది. కోర్సు మధ్యలో ఆపకూడదు నాయనా. ఒక్కటి మిగిలినా మళ్ళీ మొదలే."

తోలు పగడం ఇంకా మూసుకునే ఉంది. బెన్నీ దాన్ని చూసి, డ్రమ్ముల్ని చూసి, సొలొమోను వైపు తిరిగాడు. "మరి తొట్టె తీసుకెళ్ళమంటారా సార్?"

సొలొమోను పుస్తకంలోంచి తలెత్తలేదు. "ఆ డ్రమ్ములు దారికి అడ్డం, బయట పెట్టు. వచ్చే వారం ఉప్పు పంపించు. పెద్ద బస్తా."

"ఏడాదికొచ్చుద్ది సార్ అది."

"రానీ."

"కాసేపు మాటలాపండి ఇద్దరూ" అంది తెరేసమ్మ, సిరంజి నీళ్ళలోకి దించుతూ. "ఇది నోరు తెరుస్తోంది."