గుంటల మేస్త్రి సొంత స్థలం

ఆ పేటలో స్థలం కొనాలనుకున్నవాళ్లు ఎవరైనా సరే, ముందు మేస్త్రికి చూపించాల్సిందే. ఆయన గడ్డపార పట్టుకుని వచ్చి స్థలం మధ్యలో మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, మూరెడు లోతు గుంట తవ్వుతాడు. తీసిన మన్ను మళ్లీ అదే గుంటలో పోసి కాలితో తొక్కుతాడు. మన్ను మిగిలితే నేల గట్టిది, కట్టుకోండి అంటాడు. మన్ను చాలక గుంట వెలితిగా ఉంటే గడ్డపార భుజాన వేసుకుని వచ్చిన దారినే వెళ్లిపోతాడు, కాఫీ ఇస్తామన్నా ఆగడు. అందుకే ఆయన్ని గుంటల మేస్త్రి అంటారు. ఎదురుగానే అంటారు, ఆయనకది పట్టదు.

ఇలా ఊరందరికీ నలభై ఇళ్లు కట్టిపెట్టిన మనిషి, పెళ్లయిన పద్దెనిమిదేళ్లూ అద్దె ఇళ్లలోనే గడిపేశాడు. స్తోమత లేక కాదు. ఆయనకి స్థలం నచ్చదు, అంతే. భార్య తమ్ముడు స్థలాల బేరాలు చేసేవాడే. పదకొండేళ్లలో పద్నాలుగు స్థలాలు చూపించాడు. ఒకటి రోడ్డు కన్నా పల్లమన్నాడు మేస్త్రి. ఇంకోదాంట్లో తుంగ మొలిచింది, అడుగున నీరుందన్నాడు. మరొకటి అన్ని విధాలా బాగుంది, అందుకే అనుమానంగా ఉందన్నాడు.

"బావా, నీకు స్థలం చూపించడం కన్నా మా అక్కకి ఇంకో సంబంధం చూడటం తేలిక" అన్నాడు బావమరిది తలపట్టుకుని.

"చూడు. ఆ పెళ్లికొడుకు స్థలం కొంటే మాత్రం నన్ను పిలువు, గుంట తవ్వి పెడతాను" అన్నాడు మేస్త్రి.

పక్కనే ఉన్న మేస్త్రి భార్య నవ్వినంతసేపూ నవ్వింది గానీ, ఆమెకి లోపల మంటగానే ఉంది. ఆమెకి మేడలూ మిద్దెలూ అక్కర్లేదు. ఒక నిమ్మ మొక్క ఉంది. కుండీలో పెట్టి ఎనిమిదేళ్లయింది. గుడ్డు పెంకులు నలిపి వేసి, బియ్యం కడిగిన నీళ్లు పోసి కంటికి రెప్పలా చూసుకుంటోంది. అయినా అది నడుము దాటి ఎదగలేదు, ఒక్క కాయ కాయలేదు. వేళ్లు కుండీ అడుగు చిల్లులోంచి బయటికొచ్చి చోటు కోసం వెతుక్కుంటున్నాయి. వాటిని చూసినప్పుడల్లా ఆమెకి ఏడుపొచ్చేది. ఇప్పుడుంటున్న ఇంటావిడ అయితే, మెట్ల మీద మరకలు పడుతున్నాయి, నెలాఖరుకి ఆ కుండీ తీసెయ్యమని ముఖం మీదే చెప్పేసింది.

ఆ రోజు భోజనాల దగ్గర ఆమె కంచం పక్కకి జరిపి అడిగేసింది. "నిజం చెప్పండి. మీకు స్థలాలు నచ్చకా, ఇల్లు కట్టడం ఇష్టం లేకా?"

మేస్త్రి అన్నం కలపడం ఆపాడు. "ఎవరింటి గోడైనా పగిలిందనుకో, ఇంటాయన తొందరపెట్టాడని చెప్పుకుంటాను. మనింటి గోడ పగిలితే ఎవరి మీదికి తొయ్యను? ఊరంతా వచ్చి చూసి నవ్విపోతుంది" అన్నాడు.

అంత పెద్ద మనిషి లోపల అంత చిన్న భయం ఉందని ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు. జాలేసింది. జాలి వేసిందని ఊరుకుంటే మాత్రం నిమ్మ మొక్క కుండీలోనే ముసలిదైపోతుంది.

తమ్ముడు పదిహేనో స్థలం తెచ్చాడు. బడి వెనక వీధి, చివరి స్థలం. ముందురోజే వెళ్లి చూసి ఆమె మనసు పారేసుకుంది. రెండు వైపులా గాలి. పక్కింటావిడ అడక్కుండానే మంచినీళ్లు ఇచ్చింది. ఆగ్నేయం మూలన ఎండ బాగా పడుతోంది, అక్కడ చెట్టు పెట్టుకోవచ్చు. ఒక్కటే దిగులు, కాలి కింద నేల కాస్త మెత్తగా తగిలింది. పద్దెనిమిదేళ్లు మేస్త్రితో కాపురం చేసినావిడకి ఆ మాత్రం తెలుస్తుంది.

ఆదివారం పొద్దున్నే ముగ్గురూ వెళ్లారు. మేస్త్రి గుంట తవ్వి మన్ను పక్కన కుప్ప పోశాడు. "కాసేపు ఆరనివ్వండి" అని చుట్టుపక్కల ఇళ్ల గోడలకి పగుళ్లున్నాయేమో చూసి రావడానికి వెళ్లాడు. అది ఆయన పద్ధతి. దానికోసమే ఆమె కాచుకుని ఉంది.

ఆయన సందు మలుపు తిరగ్గానే ఆమె భుజాన ఉన్న సంచి విప్పింది. టిఫిన్ డబ్బా కింద నిమ్మ కుండీలోంచి తీసిన మన్ను ఉంది. గబగబా కుప్ప మీద పోసి చేత్తో కలిపేసింది. అదృష్టం, రంగు ఇంచుమించు కలిసిపోయింది.

"అక్కా, నీకేమైనా మతి పోయిందా?" అన్నాడు తమ్ముడు గొంతు తగ్గించి.

"నువ్వు నోరు మూసుకుని ఆకాశం చూడు."

మేస్త్రి తిరిగొచ్చాడు. మన్ను గుంటలో పోశాడు, తొక్కాడు, మళ్లీ పోశాడు. గుంట నిండింది. పక్కన ఇంకా దోసెడు మన్ను మిగిలింది. గొంతుక్కూర్చుని ఆ మన్ను వేళ్లతో నలిపాడు. నలుపుతూనే ఉన్నాడు. ఆమె ఖాళీ సంచిని మడత మీద మడత పెట్టింది. తమ్ముడు ఆకాశం మీంచి కళ్లు దించలేదు.

"మిగిలింది" అన్నాడు మేస్త్రి లేచి, చేతులు దులుపుకుంటూ. "ఇక్కడే కట్టుకుందాం."

ఆమె సంతోషం రెండు రోజులే నిలిచింది. మూడో రోజు నుంచి ఏ గోడ చూసినా పగుళ్లే కనిపించసాగాయి. తన మూలంగా ఇల్లు కుంగితే ఊరు నవ్వేది తనని చూసి కాదు, ఆయన్ని చూసి. ఎన్నోసార్లు చెప్పేద్దామని నోటిదాకా తెచ్చుకుని మింగేసింది.

పునాది తవ్వుతున్న రోజు అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్లింది. కూలీలు గొణుక్కుంటున్నారు. ఎక్కడైనా నాలుగడుగులు తవ్వే మేస్త్రి ఇక్కడ అయిదున్నర తవ్విస్తున్నాడట. ఆ మాట విని ఆమె ఇక ఆగలేకపోయింది.

"ఏమండీ, ఆ రోజు మన్ను... మిగల్లేదండీ. నేనే..."

మేస్త్రి చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో చిటికెన వేలి గోరంత గుడ్డు పెంకు ముక్క ఉంది.

"ఆ కుండీని ఇల్లు మారిన ప్రతిసారీ ఆటోలో ఒళ్లో పెట్టుకుని మోసింది నేనేగా. ఆ మన్ను నాకు తెలియదా?" అన్నాడు.

"తెలిసీ ఎందుకు ఒప్పుకున్నారు?"

"నేల మెత్తనిదైతే లోతుగా తవ్వుతాం, దానికేముంది? నీతో సంచిలో మన్ను మోయించేదాకా తెచ్చాను చూడు, అది చూసి సిగ్గేసింది."

ఆమె క్యారేజీ కింద పెట్టి, కొంగుతో ముఖం అదిమిపెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. ఆయన పార తీసుకుని ఆగ్నేయం మూలకి నడిచాడు. ఆ మూల ఎండ సంగతి ఆమె ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. అక్కడ అప్పటికే ముగ్గుతో గుండ్రంగా గీత గీసి ఉంది.

"సాయంత్రం కుండీ తీసుకురా" అంటూ తవ్వడం మొదలుపెట్టాడు.

ఆ గుంటకి మాత్రం మేస్త్రి ఏ పరీక్షా పెట్టలేదు.