మొరెనికె ఎగ్గొట్టిన సీను

మొరెనికెకి నలభై ఎనిమిదేళ్లు. ఇబాడాన్ ఊళ్లో మొకోలా బజారు వెనక అద్దకం బట్టలు అమ్ముతుంది. ఈ వయసులో సినిమా కథ రాయడం నేర్చుకుంటానని శనివారం క్లాసులో చేరి, తోడుకి నన్నూ లాక్కెళ్లింది. పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు ముద్రలు కొట్టిన చేతులు నావి, నాకెందుకమ్మా ఈ గోల! అయినా వెళ్లాను.

పాఠం చెప్పే అడిగున్ మాస్టారికి ముప్పై దాటలేదు, నోరు మాత్రం పచ్చిమిరపకాయ. "మనసులో ఏమనుకుందో నాకొద్దు. కెమెరాకి కనపడేదీ, చెవికి వినపడేదీ రాయండి" అనేవాడు. చివరి శనివారం ఒక నిర్మాత వస్తాడు. ఎవరి కథ వాళ్లే పైకి చదవాలి. నచ్చిన ఒక్కటే సినిమా అవుతుంది.

"అది నాదే కావాలక్కా. ఇరవై ఆరేళ్లుగా మోస్తున్నా. ఇది చెప్పుకోకుండా నా ఊపిరి పోదు" అంది మొరెనికె.

ఆమె రాసింది చనిపోయిన మరిది కథ. మాస్టారు ప్రతివారం ఎర్రగీత కొట్టేవాడు.

"లారీ బోల్తా పడింది, మరుక్షణం శవం ఇంటికొచ్చింది. మధ్యలో ఆసుపత్రి ఏదమ్మా? అసలు సీనే ఎగ్గొట్టారు! పైగా ఈ 'డబ్బుకన్నా తెల్లపళ్లవాడు' ఏమిటి? పేరు లేదా?"

"ఉంది మాస్టారూ. నేను రాయకూడదు."

మా ఇళ్లలో కోడలు తను కాపురానికి రాకముందు ఆ ఇంట పుట్టినవాళ్లెవర్నీ పేరుపెట్టి పిలవదు, పసిగుడ్డునైనా సరే. ఏదో ముద్దుపేరు కట్టుకుంటుంది. పాతకాలంలో డబ్బంటే తెల్లటి గవ్వలే, వాటికన్నా తెల్లటి పళ్లని మరిదికి మొరెనికె కట్టిన పేరది. ఆ సంగతి మాస్టారికీ తెలుసు.

"ఇంటి మర్యాద ఇంట్లోనే పెట్టి రండి. ఆ సీను లేకపోతే మీ కథ చదవనివ్వను."

చివరి శనివారం వచ్చింది. నిర్మాత కూర్చున్నాడు. ఇంతలో కర్ర టకటకలాడించుకుంటూ ఎవరొచ్చారనుకున్నారు? మొరెనికె అత్తగారు, ఎనభై ఏళ్ల మనిషి!

"మా ఇంటి కథ బజార్న పెడుతున్నావటగా. నేనూ వింటా" అని ముందు వరసలో కూర్చుంది.

"పిచ్చిదానా, పాతదే చదివెయ్యి" అని మొరెనికె చెవిలో అన్నాను. తను తల అడ్డంగా ఊపి, కొత్త కాగితాలు తీసింది.

"ఆసుపత్రి గుమాస్తా అడిగాడు: 'పేషెంటు పేరు?' వదిన: 'డబ్బుకన్నా తెల్లపళ్లవాడు.' గుమాస్తా: 'ఎగతాళిగా ఉందా? అసలు పేరు చెప్పు.' వదిన తల దించుకుంది. గుమాస్తా పుస్తకం మూసేశాడు: 'అలాంటివాడు ఇక్కడ లేడు. ఇంకోచోట వెతుక్కో.' లోపల మంచం మీద కుర్రాడు నర్సుతో అంటున్నాడు: 'మా వదిన వస్తుంది.' వదిన మూడు ఆసుపత్రులు తిరిగి, సాయంత్రం భర్తతో మళ్లీ అక్కడికే వచ్చింది. ఈసారి భర్త తమ్ముడి పేరు చెప్పాడు. మంచం ఖాళీ. వదిన పిలిచింది…"

అక్కడ చదవడం ఆపేసింది.

"ఏమని పిలిచింది?" అన్నాడు మాస్టారు. ఈసారి ఆ నోట్లో కారం లేదు.

మొరెనికె అత్తగారి ముందు మోకాళ్ల మీద కూలబడింది.

"అడెగోకే" అంది.

ముసలావిడ కర్ర పట్టుకుని లేచింది. కొడుతుందేమోనని నేను అడ్డం వెళ్లబోయాను.

"రోడ్డుమీదే పోయాడని చెప్పారే నాకు! ఆరోజు ఈ నోరేమైందే?"

"పెళ్లయి ఆర్నెల్లే అత్తా. ఆ పేరు పలికితే మీరేమంటారోనని భయపడ్డాను."

ఆవిడ మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"వాడు పోయాక ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారి పిలువు."

మొరెనికె పిలిచింది. ఆరోజు ఆసుపత్రిలో పిలవాల్సినంత గట్టిగా.