ట్రాష్‌లో దాచుకున్న లెటర్లు

బాన్సువాడలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరిన కొత్తలో అందరి మెయిళ్లనూ పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చాను. పారేసిన మెయిళ్లే కదా అని ట్రాష్‌ను వదిలేశాను. మర్నాడు ప్రిన్సిపాల్ స్టాఫ్ అందరి ముందు నా మీద విరుచుకుపడ్డారు.

“నా ముఖ్యమైన లెటర్లన్నీ ఏడవోయినయ్?”

“ఎక్కడ పెట్టుకున్నారు సార్?”

“ట్రాష్‌ల! గక్కడైతే ఎవ్వలు చూడరని దాస్త. దిమాక్ ఉన్నదా నీకు? రేపటి నుంచి రాకు!”

ఒళ్లు మండిపోయింది. పాత సర్వర్‌ను ఇంకా ఆపలేదని, అన్నీ అందులో భద్రంగా ఉన్నాయని చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఆయన రోజంతా చెమటలు కక్కుతూ తిరిగారు. సాయంత్రం నేను ఇంటికెళ్లే బీర్కూర్ బస్సు వేళకు లెటర్లన్నీ తెచ్చిపెట్టాను.

“గీ పని పొద్దుగాలనే చెయ్యొచ్చు గదా!” అన్నారు.

మర్యాదగా అడిగి ఉంటే పొద్దున్నే చేసేదాన్ని. ఆ మాట ఆయనకు చెప్పలేదు, మీకే చెబుతున్నాను.