సగం పేరున్న తుపాకి

ఆ రోజుల్లో మాకు తెలియనివి చాలా ఉండేవి. తెలియదన్న సంగతి కూడా తెలియదు కాబట్టి హాయిగా బతికేవాళ్లం. నాకప్పటికి ముప్పై నిండలేదు, అక్షరం ముక్క రాదు. (పాల డబ్బా మూత రంగు చూసి కొనేదాన్ని. ఒకసారి కంపెనీవాళ్లు మూత రంగు మారిస్తే వారమంతా మజ్జిగతో టీ పెట్టినంత పని అయింది.) డెన్వర్ పక్కన ఒక ఊళ్లో, ఇండియన్ హోటల్లో మా ఆయన బిర్యానీ మాస్టరు, నేను దోసె పెనం దగ్గర. వంటింటి కిటికీలోంచి కొండలు కనిపించేవి. ఆకులు పసుపు రంగుకు తిరిగే వేళకు ఊళ్లో సగం మంది నారింజ రంగు టోపీలు పెట్టుకుని ఆ కొండల్లోకి వేటకు పోయేవాళ్లు. ఆ టోపీలను చూసి చూసి మా ఆయనకు వాళ్ల తాత గుర్తుకొచ్చాడు. అంతా అక్కడే మొదలైంది.

"మా తాత దొరలతోని అడవికి పోయినోడు. పులి ముందట నిలబడ్డోడు," అని బిర్యానీ తినడానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. అబద్ధం కాదు. తాత నిజంగానే అడవికి పోయాడు, పులి ముందు నిలబడ్డాడు కూడా. కాకపోతే చేతిలో ఉన్నది తుపాకి కాదు, డప్పు. పొదల్లో దాక్కున్న మృగాన్ని డప్పు కొట్టి దొర కూర్చున్న మంచె వైపు తోలడం ఆయన పని. దొర కొట్టిన దాన్ని భుజాన మోసుకు రావడం రెండో పని. (ఈ సంగతి మా అత్తగారు నా పెళ్లయిన కొత్తలోనే చెప్పేసింది. మా ఆయన నోట మాత్రం ఆ కథలోకి డప్పు ఏనాడూ రాలేదు.)

ఈ తాత కథకు బాగా పడిపోయినవాడు ఎక్సెల్ మరిది. అసలు పేరు వేరే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, విజయవాడ వైపు మనిషి, ప్రతి శుక్రవారం మా హోటల్లోనే భోజనం. నన్ను వదినా అనేవాడు. ఏ పనికైనా ముందు కంప్యూటర్లో గళ్లు గీసి, రంగులు వేస్తే తప్ప అడుగు వేసేవాడు కాదు. పెళ్లిచూపులకు కూడా గళ్లు గీశాడని విన్నాను. అలాంటివాడు, తాత వీరత్వం నరాల్లో ఉన్న మా ఆయనా కలిసి ఎల్క్ వేటకు పోవాలని తీర్మానించుకున్నారు. ఎల్క్ అంటే మన కణుజు జింకకు పెద్దన్న లాంటిది, గుర్రమంత ఎత్తు ఉంటుంది.

తుపాకి కొనడమంటే కొట్టుకెళ్లి ఒకటి ఇమ్మనడమే అనుకున్నాను. కాదట. ముందు తూటా లావెంతో, దాని వెనక మందు ఎంతో తేల్చుకోవాలి. దాన్ని కాలిబర్ అంటారు. ఆ తర్వాతే తుపాకి. రెండు నెలల పాటు మా ఇంట్లో కాలిబర్ల మాటే. టూ సెవెంటీ అనేది ఒకటి, త్రీ హండ్రెడ్ మాగ్నమ్ అనేది ఇంకొకటి, మధ్యలో మరో పదో పన్నెండో. కూతురికి వచ్చిన సంబంధాలను కూడా అంత తరచి చూడరు. చివరికి ఒక శుక్రవారం ఎక్సెల్ మరిది లాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"అన్నా, నా షీట్ ప్రకారం మాగ్నమే బెస్ట్. స్పీడ్ గ్రీన్, ఎనర్జీ గ్రీన్, రేంజ్ గ్రీన్. చూడు!"

నాకు అక్షరాలు రావు గాని రంగులు వచ్చు కదా. "మరి ఈ ఎర్రది ఏంది మరిదీ?" అన్నాను.

"అది రీకాయిల్ వదినా. అంటే, కాల్చినప్పుడు వెనక్కి తన్నుద్దన్నమాట. పెద్ద మ్యాటర్ కాదులే, అన్నయ్య హ్యాండిల్ చేస్తాడు."

మా ఆయన గ్లాసు కింద పెట్టి రొమ్ము విరుచుకున్నాడు. "యాభై కిలోల డేగిసా ఒంటిచేత్తో దించుతున్న. తుపాకి ఏం తంతదే నన్ను?"

తుపాకి తయారు చేసి ఇచ్చేవాడు కొండ దారిలో ఉండేవాడు. తెల్ల మీసాలు గడ్డం దిగి వేలాడుతుండేవి, అందుకని మేం మీసాల తాత అనేవాళ్లం. మాగ్నమ్ మాట వినగానే ఆయన మా ఆయన్ని కింది నుంచి పై దాకా చూసి, టూ సెవెంటీ చాలు కదా అన్నాడు. "ఎల్క్‌కి నీ తూటా పేరు తెలియదు బాబూ. ఎక్కడ తగిలిందో అది మాత్రం తెలుస్తుంది." (ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. మిగతా సగం మీసాలు చెప్పేవి.) మా ఆయన వినలేదు. తుపాకి మడమకు, అదే భుజానికి ఆనే చివరకు, రబ్బరు మెత్త వేయించుకో, దెబ్బ తగ్గుతుందన్నా వినలేదు. "దిండు పెట్టుకొని కాలుస్తరా ఎవరన్న? మా తాత చూస్తే నవ్వుతడు." చెక్క ఎంచుకోవడానికి పట్టుచీరల కొట్లో పెళ్లివారిలా కూర్చుని, "ఇంకోటి చూపించు, దీనికి మెరుపు లేదు" అంటూ పొద్దంతా గడిపాడు. చివరికి తేనె రంగు మీద నల్లటి చారలున్న వాల్‌నట్ చెక్క నచ్చింది. టీ షర్టు మీదే చేతి కొలతలు ఇచ్చాడు. మడమ పక్కన తన పేరు ఇంగ్లీషులో, లతలూ పువ్వులతో చెక్కమన్నాడు. తుపాకి తయారై వచ్చిన రోజున దాన్ని సోఫాలో పడుకోబెట్టి తను కింద కూర్చున్నాడు.

ఇక పర్మిట్ సంగతి. దాన్ని ట్యాగ్ అంటారు. ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వరు, లాటరీ తీస్తారు. లాటరీ అనగానే ఎక్సెల్ మరిది కళ్లు మెరిశాయి. వీసా లాటరీలో రెండుసార్లు పేరు తగలక నలిగిపోయిన మనిషి. "ఇక్కడ ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని పేర్లు వెయ్యొచ్చు అన్నా! వదిన పేరు కూడా వేసేద్దాం. ప్రాబబిలిటీ డబుల్!" పేరు వేయాలంటే వేట పాఠాల తరగతికి వెళ్లి పరీక్ష పాసవ్వాలి. చదవడం రాని నాకు అక్కడి పంతులమ్మ ప్రశ్నలు పైకి చదివి వినిపించింది, నేను నోటితో జవాబులు చెప్పాను. పాసయ్యాను. మా ఆయనా పాసయ్యాడు, రెండోసారికి.

లాటరీ తీశారు. మా ఆయన పేరు రాలేదు. ఎక్సెల్ మరిది పేరు రాలేదు. నా పేరు వచ్చింది.

"దాందేముంది, ట్యాగు దానిది, తుపాకి నాది. అది పక్కన కూసుంటది, నేను కొడ్త," అన్నాడు మా ఆయన. ఆ మాటే మీసాల తాత దగ్గర అంటే ఆయన నవ్వడం మానేశాడు. ట్యాగు ఎవరిదో తూటా వాళ్లదే కావాలి, లేకపోతే నేరం, తుపాకి కూడా లాక్కుంటారు అన్నాడు. పోనీ మానేద్దామంటే మళ్లీ ఎన్నేళ్లకు తగులుతుందో తెలియదు. ఇటు చూస్తే వేటకు వెళ్తున్నానని మా ఆయన అప్పటికే హోటల్లో అందరికీ చెప్పేసుకున్నాడు. నాకూ లోపల ఏదో కదిలింది. పుట్టాక నా పేరు మీద వచ్చిన మొదటి కాగితం అది. దాన్ని వృథా పోనివ్వబుద్ధి కాలేదు.

"నేనే కొడ్త," అన్నాను.

తుపాకి కాల్చడం నేర్చుకునే మైదానానికి మీసాల తాతే తీసుకెళ్లాడు. ఆ చెక్క మా ఆయన చేతికి కొలిచింది, నేను చూస్తే ఐదడుగులకు అటూ ఇటూ. మడమ భుజానికి ఆనిస్తే తుపాకి మీద బిగించిన దుర్బిణి కంటికి అందడం లేదు. మెడ కొంగలా సాచి, కన్ను దుర్బిణికి అంటించి నొక్కాను. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. తెలిసేసరికి బెంచీ వెనక్కి జరిగి ఉంది, నా కుడి కనుబొమ మీద దుర్బిణి అంచు నెలవంక గీసింది, మా ఆయన జేబురుమాలుతో అద్దుతున్నాడు.

"చూసినవా? ఆడోళ్లతోని అయ్యే పని కాదే ఇది."

"గట్లనా? అయితే నువ్వు కాల్చు, నేను చూస్త."

మా ఆయన వెంటనే కదల్లేదు. నీళ్లు తాగాడు. టోపీ సర్దుకున్నాడు. భుజాన్ని రెండుసార్లు తిప్పుకున్నాడు. మీసాల తాత నాకు కన్ను కొట్టి, తూటాలు నింపుతున్నట్టు నింపి తుపాకి ఆయన చేతికిచ్చాడు. లోపల పెట్టింది ఉత్తుత్తి తూటా, మందు లేదు. మా ఆయనకు తెలియదు. గురి చూశాడు, ఊపిరి బిగబట్టాడు, నొక్కాడు. తుపాకి 'టిక్' మంది, అంతే. మా ఆయన మాత్రం ఫిరంగి పేలినట్టు రెండు కళ్లూ మూసుకుని, పళ్లు కొరికి, భుజం వెనక్కి విసిరి, బెంచీ మీద నుంచి సగం లేచిపోయాడు.

ఎక్సెల్ మరిది మెల్లగా, "అన్నా... అది పేలలేదు," అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, మూడు వారాలుగా ఇంట్లో నొప్పుల బాం ఎందుకు అయిపోతోందో. "డేగిసా బరువు" అని తనే రాసుకునేవాడు. మాకు తెలియకుండా ముందే వచ్చి కాల్చి చూసుకున్నాడన్నమాట. చొక్కా మెడ పక్కకు లాగి చూస్తే వంకాయ రంగులో కమిలిపోయి ఉంది భుజం. "ఏమయ్యా, డేగిసా తన్నిందా?" అన్నాను. మీసాల తాత నవ్వితే మీసాలు ఎగురుతాయని ఆ రోజే చూశాను.

వేటకు వెళ్లాలంటే ఇక ఒకటే దారి అన్నాడాయన. గొట్టం మార్చి టూ సెవెంటీకి దిగాలి. చెక్కను నా చేతికి సరిపడా కోసి, చివర రబ్బరు మెత్త వేయాలి. కోస్తే మళ్లీ అతకదు. తుపాకి ఇక మా ఆయనకు పనికిరాదు. పైగా కోత పడేది సరిగ్గా పేరు చెక్కిన చోటే.

నాలుగు రోజులు మా ఆయన నాతో మాట్లాడలేదు. బిర్యానీలో ఉప్పు ఎక్కువైందని హోటల్లో గొడవ. ఐదో రోజు పొద్దున నేను పిండి రుబ్బుతుంటే తుపాకి పెట్టె తీసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"లే. పోదాం. కొలతలు ఇద్దువు."

"పేరు పోతదిగా?"

"సగమే పోతది. నువ్వు నడువు ముందు."

మీసాల తాత ఈసారి తెలివిగా, వేటలో వేసుకునే బట్టలతోనే కొలుస్తానన్నాడు. జూలై ఎండలో చలికోటు, మంకీ క్యాపు, చేతులకు ఉన్ని తొడుగులు వేసుకుని నిలబడ్డాను. కొట్టుకు వచ్చినవాళ్లు నన్ను చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుకున్నారు. రంపం పెట్టే ముందు మా ఆయన బయటికి వెళ్లిపోయాడు. ఎక్సెల్ మరిది మాత్రం లోపలే ఉండి, "వదినా, రీకాయిల్ గ్రీన్ అయింది," అని లాప్‌టాప్ చూపించాడు.

నవంబరు వచ్చింది. తెల్లవారుతుండగా మంచులో ముగ్గురం ఒక దుంగ వెనక పడుకున్నాం. ఎక్సెల్ మరిది ఫోనులో గాలి ఎటు వీస్తోందో చూస్తున్నాడు. ఎదురుగా ఎల్క్‌లు గుంపుగా పొదల్లో ఉన్నాయి, బయటికి రావు. చూసి చూసి మా ఆయన లేచాడు. ఎటు పోతున్నాడో చెప్పలేదు. వంగి వంగి చాలా దూరం చుట్టు తిరిగి, పొదలకు అవతలి పక్క తేలి, జేబులోని టిఫిన్ డబ్బా తీసి చెంచాతో నెమ్మదిగా తట్టడం మొదలుపెట్టాడు. టక్కు టక్కు, టక్కు టక్కు. ఆ వరస ఎవరు నేర్పారో! గుంపు చెవులు రిక్కించి మెల్లగా మా వైపు నడిచొచ్చింది. ఆయన పక్కకు తప్పుకుని, పెద్ద బండ వెనక చేరి టోపీ ఊపేదాకా ఆగాను. ఒక ఆడ ఎల్క్ అడ్డంగా తిరిగి నిలబడింది. మడమ భుజంలో కుదురుగా కూర్చుంది. తన్నింది గాని, పసిపిల్ల తన్నినట్టే. ఎల్క్ పది అంగలు వేసి కూలింది.

దాన్ని కోసి మోసింది మా ఆయనే. తొడ ఒకటి అప్పట్లో కమిలిన ఆ భుజం మీదే వేసుకుని, మంచులో మోకాళ్ల దాకా దిగబడుతూ కారు దాకా నడిచాడు. వెనక తుపాకి పట్టుకుని నేను. మా అత్తగారు చెప్పిన కథ నాకు గుర్తుకొచ్చింది. ఆయనకూ వచ్చినట్టుంది. కారు దగ్గర బరువు దించి, చెమట తుడుచుకుంటూ నన్ను చూసి, "ఏం దొరసానీ, సాలునా?" అన్నాడు. ఆ ఆదివారం ఇంట్లో వండిన ఎల్క్ బిర్యానీ లాంటిది ఆయన మళ్లీ వండలేదు. హోటల్లో మాత్రం తర్వాత పదేళ్లూ "మేం ఎల్క్ కొట్టినం" అనే చెప్పుకున్నాడు. అదీ అబద్ధం కాదు.

చాలా ఏళ్లకు, తల సగం నెరిశాక, ఊరి లైబ్రరీలో పెద్దవాళ్లకు చదువు చెప్పే తరగతిలో చేరాను. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన కొత్తల్లో కనిపించినదల్లా చదివేదాన్ని. ఒకరోజు తుపాకి నూనెతో తుడుస్తుంటే మడమ మీది లతల మధ్య అక్షరాలు కనిపించాయి. వేలు పెట్టి ఒక్కొక్కటే పలుకుతూ పైకి చదివాను. మా ఊళ్లో మొగుడి పేరు నోటితో అనకూడదు. పెళ్లయ్యాక అంతవరకు నేను అననూలేదు. సగం దాకా వచ్చి, చెక్క అయిపోయి, రబ్బరు తగిలితే ఆగిపోయాను.

సోఫాలో పడుకుని వింటున్న మా ఆయన లేచి కూర్చున్నాడు. "మిగిలింది ఏదే?"

"మిగిలింది మీసాల తాత కొట్ల ఊడ్చేసిండ్రు."

ఇప్పుడు నా భుజం పట్టేసింది, తుపాకి బీరువా దిగడం లేదు. ఏడాదికోసారి తీసి తుడుస్తాను. తుడిచిన ప్రతిసారీ ఆ సగం పేరు పైకే చదువుతాను. సగమే కదా, తప్పు లేదు. లోపలి గదిలోంచి ఆయన "ఆఁ" అని పలుకుతాడు.